రాత్రి వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే గ్రెయిన్‌తో పాటు చీర అంచులు కూడా పోతున్నాయి, ఎందుకు?

విజీనగరం_వీడియో:
అన్నలూ, ఒక డౌట్. సిరిమాను జాతరకి ముందు రోజు, తొలేళ్ల రాత్రి మూడు లాంతర్ల దగ్గర, పైడితల్లమ్మ గుడి ముందు జనాన్ని తీశాను, వెలుతురు చాలక ఐఎస్ఓ 6400 దాకా పెంచాల్సొచ్చింది. కెమెరా ఫైల్లో గ్రెయిన్ (చీకట్లో తీస్తే వచ్చే సన్న చుక్కలు, నాయిస్) ఉంది గానీ బానే ఉంది, జరీ అంచులు, ఘటాల మీద పసుపు బొట్లు అన్నీ తెలుస్తున్నాయి. 1080పీలో 8 ఎంబీపీఎస్‌కి ఎక్స్‌పోర్ట్ కొడితే మాత్రం ఆకాశం గళ్లు గళ్లుగా కదుల్తోంది, మొహాలు మైనం పూసినట్టు అయిపోయాయి. ఇవే సెట్టింగులతో పగలు రామతీర్థం కొండ దగ్గర తీసింది శుభ్రంగా వచ్చింది. గ్రెయిన్ పాడైతే సరే, జరీ ఎందుకు పోతోంది?

సిక్కోలు_మాస్టారు:
వీడియోని కుదించే ఎన్‌కోడర్‌కి జరీ, గ్రెయిన్ రెండూ ఒకేలా కనిపిస్తాయి తమ్ముడూ, గొడవంతా అక్కడే. 1080పీ, 25 ఫ్రేములు, 8 బిట్, 4:2:0 (రంగు వివరం తగ్గించి దాచే పద్ధతి) అంటే కంప్రెస్ చెయ్యకపోతే సెకనుకి 620 మెగాబిట్ల పైమాటే, నువ్విచ్చింది 8. అంతలో సర్దడానికి దానికున్న పెద్ద ఆసరా ఏటంటే, ముందు ఫ్రేములో ఉన్న ముక్కే ఇప్పుడు కాస్త జరిగి కనిపిస్తే మళ్లీ మొత్తం దాచదు, ఎటు ఎంత జరిగిందో రాసుకుంటుంది అంతే. కొండ రాయికి అది సరిపోతుంది. గ్రెయిన్ అలా కాదు, ప్రతి ఫ్రేముకీ కొత్తదే, ముందు ఫ్రేము చూసి ఊహించే వీల్లేదు, దాంతో ప్రతి ముక్కలోనూ తేడా మిగిలిపోతుంది, ఆ తేడాకి బిట్లు కావాలి, నువ్వేమో 8 దాటొద్దన్నావు. ఇంక క్వాంటైజేషన్ పెంచేస్తుంది, అంటే డీసీటీ (బొమ్మ ముక్కని మెల్లగా మారే భాగం, సన్నటి వివరం అని అంకెలుగా విడదీసే లెక్క) నుంచి వచ్చిన అంకెల్ని పెద్ద అంకెతో భాగించి రౌండ్ చేసేస్తుంది. సన్న వివరం ఉండేది హై ఫ్రీక్వెన్సీ అంకెల్లో, అవి మామూలుగానే చిన్నవి, సున్నా అయిపోతాయి. జరీ గీత ఉండేదీ అక్కడే, గ్రెయిన్ ఉండేదీ అక్కడే, రెండూ కలిసే పోతాయి. ఆ మీద డీబ్లాకింగ్ ఫిల్టర్ గళ్ల అంచుల్ని నునుపు చేస్తుంది. రంగు సంగతి వేరే, 4:2:0లో నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక్క రంగు శాంపిలే, ఎర్ర చీర మీద సన్నటి పసుప్పచ్చ అంచు కెమెరాలోనే కొంత దెబ్బతిని ఉంటుంది.

విజీనగరం_వీడియో:
అయితే ముందే డీనాయిస్ (గ్రెయిన్ తుడిచే ఫిల్టర్) ఫుల్‌గా పెట్టేస్తే సరిపోతుందా మాస్టారూ?

పొందూరు_నేత:
ఫుల్‌గా వద్దు బాబూ. మా ఊళ్లో నూలు వడకడం, నెయ్యడం దగ్గర్నుంచి తీస్తుంటాను, పొందూరు ఖద్దరు పోగు పోగుగా కనపడకపోతే ఆ వీడియో ఎందుకు చెప్పు. ఒక్క ఫ్రేమునే చూసి నునుపు చేసే డీనాయిస్ పోగుని కూడా నాయిసే అనుకుంటుంది. ముందూ వెనకా ఫ్రేములు పోల్చి చూసేది వాడాలి, పోగు అక్కడే ఉంటుంది, నాయిస్ మారిపోతుంది, ఆ రెంటినీ విడదీసేది అదొక్కటే. ట్రైపాడ్ మీద తీస్తే ఇంకా బాగా పని చేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఎన్ఎల్‌మీన్స్ అనే డీనాయిస్ ఫిల్టర్ ఉంది, అల్ట్రాలైట్‌తో మొదలెట్టు, చాలకపోతే లైట్. నీది కదిలే జనం కాబట్టి గట్టిగా పెడితే చేతుల వెనక నీడలు లాగుతాయి, జాగ్రత్త.

గ్రెయిన్_ప్రేమికుడు:
నేత గారు చెప్పింది కరెక్టు, నేనింకోటి కలుపుతాను. చీకటి ఆకాశంలో గ్రెయిన్ మొత్తం తీసేస్తే 8 బిట్‌లో రంగు మెట్లు తక్కువ కాబట్టి పట్టీలు పట్టీలుగా బ్యాండింగ్ బయటపడుతుంది, అప్పటిదాకా దాన్ని కప్పి ఉంచింది ఆ గ్రెయినే. కొంచెం ఉండనివ్వు, వీలైతే 10 బిట్‌లో ఎన్‌కోడ్ చెయ్యి. 2018లో వచ్చిన ఏవీ1 అనే కంప్రెషన్ పద్ధతిలో దీనికి చక్కటి దారి ఉంది, ఎన్‌కోడర్ గ్రెయిన్ తీసేసి అది ఎంత, ఎలాంటిది అన్న లెక్క మాత్రమే పంపుతుంది, ప్లే చేసేటప్పుడు డీకోడర్ అలాంటి గ్రెయిన్‌నే తయారు చేసి మళ్లీ చల్లుతుంది. అదే గ్రెయిన్ కాదు, కంటికి మాత్రం తేడా తెలీదు. ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో ట్యూన్ గ్రెయిన్ అనే సెట్టింగు ఉంటుంది చూడు, అది బిట్లు ధారాళంగా ఉన్నప్పుడే, 8 ఎంబీపీఎస్‌కి లాభం లేదు.

విజీనగరం_వీడియో:
థాంక్సండీ అందరికీ. మరి ఆన్‌లైన్లో పెట్టడానికి?

సిక్కోలు_మాస్టారు:
ఆ సైట్ల వాళ్లు ఎలాగూ మళ్లీ కంప్రెస్ చేస్తారు, అందుకని నువ్విచ్చేది తేటగా ఉండాలి. బిట్‌రేట్ కట్టెయ్యకుండా సీఆర్ఎఫ్ (ఇంత నాణ్యత ఉండాలని చెప్పే అంకె) 18 పెట్టు, ఫైల్ పెద్దదైతే అవనీ. ఎడిటింగ్ నుంచి హ్యాండ్‌బ్రేక్‌కి పంపే ఫైల్ కూడా ఎక్కువ బిట్‌రేట్‌లోనే తియ్యి, అక్కడ పోయిన జరీ తర్వాత రాదు. ముందు ఘటాలొచ్చే చోట చిన్న ముక్క కట్ చేసి డీనాయిస్‌తో ఒకటి, లేకుండా ఒకటి చెయ్యి. పాజ్ కొట్టి పోల్చకు, ఆడించి చూడు, ఆపిన ఫ్రేములో గళ్ల కదలిక తెలీదు.