రంగూన్ తాతయ్య ఫోటో వంశవృక్షంలో పెట్టాలా, వద్దా?

టెక్కలి కుర్రోడు: మా తాతయ్య పెళ్ళయ్యాక రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో చేశాడు. మధ్యలో ఒకట్రెండు సార్లు ఊరొచ్చి, చివరికి 1942లో యుద్ధానికి భయపడి నడిచి వచ్చేశాడు. నాన్నకి పదేళ్ళప్పుడే పోయాడు, అందుకే ఇంట్లో ఇంతకుమించి ఎవరికీ తెలీదు. సంక్రాంతికి అందరం కలుస్తున్నాం, వంశవృక్షం నేనే వేస్తున్నా. నాయనమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో ఒక స్టూడియో ఫోటో దొరికింది. కుర్చీలో తాతయ్య, పక్కన బర్మా లుంగీ కట్టి కొప్పులో పూలు పెట్టుకున్న ఒకావిడ, ఆవిడ చంకలో రెండేళ్ళ పిల్ల. వెనక బర్మా అక్షరాలు. పెదనాన్నది 1940 పుట్టుక. ఆ ఫోటో చూసి "పోయినోళ్ళ గుట్టు నీకెందుకురా" అని కేకలేశాడు. అత్తేమో పెట్టాల్సిందే అంటోంది. మీరేమంటారు?

కళింగ: వద్దు తమ్ముడూ. ఒక్క ఫోటో పట్టుకుని ఇంకో కాపురం అంటగట్టేస్తారా? ఆవిడ మేస్త్రీ భార్య కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. నిజమే అనుకో, మీ నాయనమ్మ బతికినన్నాళ్ళూ నోరు విప్పలేదంటే ఆవిడ ఇష్టం అదన్నమాట.

బర్మా క్యాంపు: నోరు విప్పలేదు సరే, ఫోటో చింపెయ్యలేదు కూడా కదండీ. మాది బర్మా నుంచి విశాఖ వచ్చిపడిన కుటుంబం. 1964లో అక్కడ కొట్లు జాతీయం చేశాక వచ్చేశాం. మా అమ్మమ్మ బర్మా ఆవిడే. మీ తాతయ్య రోజుల్లో రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే. మనవైపు నుంచి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, ఏళ్ళ తరబడి అక్కడే. ఇలాంటి కాపురాలు వింతేం కాదు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు బాంబులేశాక ఓడ దొరకనివాళ్ళు అడవులు పట్టి నడిచారు, కలరాతో దారిలోనే పోయినవాళ్ళెందరో. మీరు గుట్టు అంటున్నది అక్కడ ఇంకెవరికో తండ్రి పేరు కావచ్చు.

కళింగ: కావచ్చు, కావచ్చు! ఆ కావచ్చు కోసం ఎనభై దాటిన పెద్దాయన్ని టెన్షన్ పెట్టాలా?

పాత దస్తావేజు: ఫోటో సంగతి తర్వాత, ముందు తాతయ్య ఎవరో తేల్చుకోండి. నేను రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను. రంగూన్ డబ్బుతో ఊళ్ళో పొలం కొన్నవాళ్ళు బోలెడుమంది. మీవాళ్ళూ కొనుంటే దస్తావేజు నకలు తీయించండి. కొన్నవాడి తండ్రి పేరు, వృత్తి, కాపురం ఉంటున్న ఊరు అందులో రాస్తారు. ఆయన ఊళ్ళో లేనప్పుడు కొంటే ఎవరి పేరున కొన్నారో కూడా తెలుస్తుంది. పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతక్కండి, ఆ జిల్లా పుట్టిందే 1950లో. టెక్కలి 1936 దాకా గంజాంలో, తర్వాత విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పాస్‌పోర్టు మీద కూడా ఆశ పెట్టుకోకండి, 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే.

ఇంకోటి. పెదనాన్నని ఆవిడ గురించి అడక్కండి, దారి గురించి అడగండి. తాతయ్య బర్మా సరిహద్దు ఊరు తమూ మీదుగా ఇంఫాల్ వచ్చాడా, ప్రోమ్ నుంచి కొండలు దాటి బర్మా పడమటి తీరంలోని టాంగుప్, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరాడా? తండ్రి నోట విన్న నడక కథయితే ముసలాళ్ళు గంటలు చెబుతారు. ఎవరితో బయల్దేరాడో, ఎవరు వెనక ఆగిపోయారో ఆ మాటల్లోనే వస్తుంది.

బర్మా క్యాంపు: కుర్రోడు గారూ, మీరు పంపిన ఫోటో వెనక రాత మా అమ్మ చదివింది. మనుషుల పేర్లేమీ లేవు. స్టూడియో ముద్ర, దాని కింద 1299 అని సంవత్సరం. అది బర్మా శకం. 638 కలిపితే 1937-38.

టెక్కలి కుర్రోడు: అంటే పెదనాన్న పుట్టకముందే ఆ పిల్లకి రెండేళ్ళు! ఇన్నాళ్ళూ తాతయ్యకి పెద్ద సంతానం ఈయనే అనుకుంటున్నాం.

కళింగ: తేలింది సంవత్సరం. చుట్టరికం కాదు.

బర్మా క్యాంపు: తేలకపోతే "తెలియదు" అని ఒక గడి ఖాళీగా ఉంచొచ్చుగా. అదీ లేకపోతే మీ తర్వాతివాళ్ళకి వెతకాలన్న ఆలోచనే రాదు.

టెక్కలి కుర్రోడు: పెదనాన్న కళ్ళముందు ఖాళీ గడి పెట్టినా గొడవేనండీ. ఆయన ఉండగా వంశవృక్షంలో ఏమీ పెట్టను. తాతయ్య పేరు కింద "రంగూన్, బియ్యం మిల్లు" అని మాత్రం రాస్తా. దస్తావేజు నకలుకి అప్లై చేస్తా. ఫోటో స్కాన్ చేసి అత్త ఒక్కదానికే పంపా.

కళింగ: అత్తకి పంపితే ఊరంతటికీ పంపినట్టే.