ఈమాక్స్‌లో హెచ్‌టీటీపీఎస్ మాత్రం టోర్ గుండా పోవడం లేదు

కడపలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద డెబియన్ 12 (లినక్స్), ఈమాక్స్ 28.2 (టెక్స్ట్ ఎడిటర్) వాడుతున్నాను. మన ఐపీ బయటపడకుండా ట్రాఫిక్ పంపే టోర్ 9050 పోర్టులో బాగానే నడుస్తోంది. కర్ల్‌ని (కమాండ్ లైన్ డౌన్‌లోడ్ టూల్) దాని గుండా పంపితే టోర్ చెక్ పేజీ ఓకే అంటోంది. ఈమాక్స్‌లో యూఆర్ఎల్-గేట్‌వే-మెథడ్‌ని సాక్స్‌గా (టోర్ వాడే ప్రాక్సీ పద్ధతి) మార్చి, సాక్స్-సర్వర్‌లో 127.0.0.1, 9050, వెర్షన్ 5 ఇచ్చాను.

మామూలు హెచ్‌టీటీపీ పేజీలు టోర్ గుండానే వస్తున్నాయి. హెచ్‌టీటీపీఎస్ అయితే నేరుగా వెళ్లిపోతోంది: ఈమాక్స్ లోపలి బ్రౌజర్ ఈడబ్ల్యూడబ్ల్యూలో అదే చెక్ పేజీ తెరిస్తే మా ఇంటి ఐపీ కనిపిస్తోంది. ఎర్రర్ కూడా రాదు, అదే నా టెన్షన్. ఈమాక్స్ ప్యాకేజీలన్నీ దిగేది హెచ్‌టీటీపీఎస్ మీదే కదా.

ప్రోగ్రామ్ ట్రాఫిక్‌ని టోర్‌కి మళ్లించే టోర్‌సాక్స్‌తో ఈమాక్స్ మొత్తాన్ని నడిపితే ఆ సమస్య పోతోంది గానీ, ఇదే మెషీన్‌లో 127.0.0.1 మీదున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కనెక్షన్ ఆగిపోతోంది.

ప్రివాక్సీ లాంటి ఇంకో ప్రాక్సీని మధ్యలో పెట్టకుండా, టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వాడే ఎన్‌క్రిప్షన్) కనెక్షన్లను కూడా ఈమాక్స్ లోపలి నుంచే సాక్స్ గుండా పంపాలంటే ఏం మార్చాలి?