తక్కువ ధర జీపీఎస్, ఎకో సెట్లు: చెడిపోతే సర్వీసు అడిగే హక్కు మనకు లేదా?

ఉప్పాడ ఫైబర్ బోటు (చర్చ మొదలుపెట్టినవారు):
మాది ఫైబర్ బోటు. నాన్న, నేను, ఇద్దరు చుట్టాలం కలిసి వేటకి వెళ్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం అయ్యాక ఆన్‌లైన్‌లో ఒక తక్కువ ధర సెట్టు కొన్నాం. దారి చూపే జీపీఎస్, నీటి అడుగు లోతు చూపే ఎకో రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి. వారంటీ ఏడాది. వానాకాలం గడవకముందే తెర మీద గీతలు వచ్చాయి, తర్వాత అసలు వెలగడమే మానేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బిల్లు, సీరియల్ నంబరు, వీడియో పంపమన్నారు. పంపాం. మళ్లీ చేసినప్పుడు ఇంకో మనిషి ఎత్తి మొదటి నుంచి అవే అడిగారు. చివరికి మా ఖర్చుతోనే కొరియర్ చేయించుకుని, "లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి సెట్టు తిప్పి పంపేశారు. నీళ్లలో పడినా ఏమీ కాదని పెట్టె మీద రాసింది వాళ్లే.

రేవులో చెప్పుకుంటే సగం మంది "అంత చవగ్గా కొని సర్వీసు కూడా కావాలా" అంటున్నారు. నాకు మండేది ఆ మాటకే. డబ్బు తీసుకున్నప్పుడు వారంటీ కార్డు కూడా చేతిలో పెట్టారు కదా! చవక సెట్టు కొన్నవాడు వెళ్లేదీ అదే సముద్రం మీదకి. సర్వీసు ఆశించడం తప్పా? చెప్పండి.

విశాఖ హార్బర్ రిపేరు:
తప్పు కాదు తమ్ముడూ. కాకపోతే నా బల్ల మీదకి వచ్చే సెట్ల సంగతి కూడా విను. చాలావాటిలో సెట్టు బాగానే ఉంటుంది, వైరింగే బాగుండదు. ఇంజను స్టార్టరు తిరిగేటప్పుడు వోల్టేజీ ఒక్కసారి పడిపోతుంది, ఆ వెంటనే ఎగురుతుంది. స్టార్టరు, లైట్లు, సెట్టు అన్నీ ఒకే బ్యాటరీకి తగిలిస్తే ఆ దెబ్బ తినేది సెట్టే. ఫ్యూజు తీసేసి రాగి తీగ చుట్టిన బోట్లు ఎన్నో చూశాను. నీళ్లలోకి శబ్దం పంపి తిరిగి అందుకునే ఎకో ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ పొడుగైందని కోసి అతికిస్తారు. అతుకులోకి ఉప్పు నీరు దిగి లోపల తీగ పొడుగునా చిలుము పడుతుంది. ఇక అడుగు లోతు సరిగ్గా చూపించదు.

పెట్టె మీద రాతకి వద్దాం. ఐపీఎక్స్7 అని ఉంటే, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు రాలేదని అర్థం. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో. రోజూ ఉప్పు తుంపర తగిలి, ఎండకి ఆరి, మళ్లీ తడిసే కనెక్టరు ఏమవుతుందో అందులో తేలదు. తక్కువ ధర సెట్లలో మొదట పోయేవి రబ్బరు బటన్లు, కనెక్టరు పిన్నులు, తెర అంచు. ఉపగ్రహాల సంకేతం ఖరీదైనదానికీ చవకదానికీ ఒకటే కాబట్టి దారి చూపడంలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఉప్పుని ఎన్నాళ్లు తట్టుకుంటుందన్న దగ్గరే.

అందుకని కంపెనీ చేసింది సరైందని అనను. నీరు ఎక్కడి నుంచి వెళ్లిందో చూపించకుండా "నీళ్లు వెళ్లాయి" అనేస్తే ఎలా? సీలు లోపం వల్ల వెళ్తే అది వాళ్ల తయారీ లోపమే.

కాకినాడ మరబోటు:
నేను ఒప్పుకోనండి. ధర తగ్గించాలంటే ఎక్కడో కోత పెట్టాలి. మొదట కోసేది సర్వీసునే. రేవులో మనిషి ఉండడు, విడిభాగాలు ఉండవు, ఫోన్ ఎత్తేవాడికి బోటు ముఖం తెలియదు. నేను ఎక్కువ పెట్టి జెట్టీ దగ్గరి డీలరు దగ్గరే కొంటాను. సెట్టు ఆగితే ఆయన తన దగ్గరున్న పాత సెట్టు తెచ్చి బిగిస్తాడు, రిపేరయ్యేదాకా అదే వాడుకుంటాం. వేట ఆగదు. ఐసు, డీజిలు ఎక్కించేసి, కళాసీలు ఎదురుచూస్తూ ఉండగా కొరియరు కోసం కూర్చుంటే ఎంత పోతుందో లెక్క వేసుకోండి. చవకది కొని ఆ తర్వాత బాధపడితే ప్రయోజనం లేదు.

ఉప్పాడ ఫైబర్ బోటు:
మీ డీలరు మంచివాడు, సంతోషం. ఆ ధర పెట్టగలిగితే నేనూ అక్కడే కొనేవాణ్ణి. సర్వీసు ఇవ్వలేనివాళ్లు ఏడాది వారంటీ అని ఎందుకు రాయాలి? "వారంటీ లేదు" అని రాసి అమ్మితే నా లెక్కలు నేను వేసుకునేవాణ్ణి. రాసి మరీ తప్పించుకుంటే తప్పు కొన్నవాడి మీద తోయడం న్యాయం కాదండి.

నిజాంపట్నం బోటు ఇంటి అమ్మాయి:
ఇందులో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మా నాన్నగారి సెట్టు పోతే కంపెనీవాళ్లు వారంటీలో కొత్తది ఇచ్చారు. కాగితం మీద చూస్తే మంచి సర్వీసే. పాత సెట్టులో ఆయన ఏళ్లుగా దాచుకున్న పాయింట్లన్నీ దానితోనే పోయాయి. వల చిరిగే రాళ్లు ఎక్కడున్నాయి, మునిగిపోయిన బోటు ఎక్కడుంది, ఏ కార్తెలో ఏ చోట చందువ దొరికింది, అన్నీ అందులోనే ఉండేవి. పాయింట్లు తీసి ఇవ్వమని బతిమాలాం. "డేటాకు మేం బాధ్యులం కాము" అన్నారు. వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది, నిజమే.

కొత్త సెట్టు విలువ బిల్లులో ఉంటుంది. ఆ పాయింట్ల విలువ ఎక్కడా ఉండదు. సముద్రం మీద ఆయన తిరిగిన తిరుగుడంతా అందులో ఉంది. సర్వీసు సెంటరులో కూర్చున్నవారికి అది కేవలం మెమరీ. నా మటుకు నాకు చవకా ఖరీదా అన్నది రెండో ప్రశ్న. పాయింట్లు మెమరీ కార్డులోకి తీసుకునే వీలు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. లేని సెట్టు ఎంత తక్కువకి వచ్చినా కొనొద్దంటాను. ఉన్నా సరే, అక్షాంశ రేఖాంశాలు ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని నాది. హైదరాబాద్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నుంచి వచ్చే చేపల సమాచారమూ ఆ అంకెల్లోనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే పుస్తకంలో రాస్తున్నాను.

విశాఖ హార్బర్ రిపేరు:
చెల్లెమ్మ మాట ప్రతి బోటులో రాసి అంటించాలి. పాయింట్లు పోయి నా ముందు కూర్చుని ఏడ్చిన డ్రైవర్లు ఉన్నారు.

వినియోగదారుల కేసులు చూసే వకీలు:
ఉప్పాడ తమ్ముడు గారికి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వ్యాపారం కోసం కొన్నవారు అందులో వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో, కేవలం తన జీవనం కోసం వాడుకునేవారికి మినహాయింపు ఉంది. మీరు, మీ నాన్నగారు స్వయంగా వేటకి వెళ్తున్నారు కాబట్టి మీ వాదన బలంగా నిలుస్తుంది. తోడుగా ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మిన వేదికకు గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ముందు అక్కడ రాతపూర్వకంగా పెట్టండి. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

కాకినాడ మరబోటు:
మరి నా సంగతి? బోటు నాది, నేను వేటకి వెళ్లను. డ్రైవరు, కళాసీలు వెళ్తారు.

వినియోగదారుల కేసులు చూసే వకీలు:
మీ కేసు కష్టమండి. జీతానికో వాటాకో మనుషుల్ని పెట్టి నడిపితే అది వ్యాపారమే అని అవతలివాళ్లు వాదిస్తారు. ఆ వాదన నెగ్గే అవకాశం ఎక్కువ. మీకు డీలరే మంచి దారి.

ఉప్పాడ ఫైబర్ బోటు:
అంటే చట్టం కాస్తో కూస్తో కాపాడేది చవక సెట్టు కొన్న మాలాంటివాళ్లనే అన్నమాట. రేవులో ఇదే చెప్తాను.

గాల్వెస్టన్ తెలుగు:
అమెరికాలో టెక్సాస్ తీరాన చిన్న బోటు ఉంది, సరదా వేటకే. ఇక్కడ కొన్ని పెద్ద కంపెనీలు వారంటీ అయిపోయాక కూడా ఒక స్థిరమైన రుసుము తీసుకుని, బాగుచేసిన అదే మోడల్ సెట్టు ఇస్తాయి. ఎంతవుతుందో ముందే తెలుస్తుంది, గొడవ ఉండదు. ఊరూపేరూ లేని చవక బ్రాండ్లతో మాత్రం ఇక్కడా ఉప్పాడ వారి అనుభవమే. ఈమెయిల్‌కి జవాబు వస్తుంది, పని జరగదు. దేశం మారినా ఆ తీరు మారలేదు.

విశాఖ హార్బర్ రిపేరు:
సెట్టు సంగతి ఇంకా తేలలేదు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక వాకీటాకీలు వైర్‌లెస్ బదులు కొనకండి. అనుమతి లేని రేడియోలు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల అథారిటీ ఆన్‌లైన్ వేదికలకు నోటీసులిచ్చింది. సముద్రం మీద ఆపద పిలుపు బోటు రేడియోలోని వీహెచ్ఎఫ్ 16వ ఛానల్‌లో. ఆ ఛానల్‌కి కుదరని సెట్టు చేతిలో ఉన్నా లేనట్టే. ఆపదలో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి సందేశం పంపే ట్రాన్స్‌పాండరు, కేంద్రం ఉచితంగా బిగిస్తున్నది, మీ బోటుకి వచ్చిందో లేదో మత్స్యశాఖలో అడగండి. కోస్ట్‌గార్డు నంబరు 1554 బోటులో అందరికీ తెలిసి ఉండాలి. జీపీఎస్ రిపేరుకి వారం ఆగొచ్చు, ఇవి ఆగకూడదు.

ఉప్పాడ ఫైబర్ బోటు:
ట్రాన్స్‌పాండరు వచ్చిందన్నా. 1554 ఇవాళే రాసి అంటిస్తాను. వకీలు గారు చెప్పినట్టు ముందు గ్రీవెన్స్ అధికారికి పెడుతున్నాను. నువ్వు ఆ సెట్టు విప్పి, నీరు ఎక్కడి నుంచి వెళ్లిందో కాగితం మీద రాసిస్తావా?

వినియోగదారుల కేసులు చూసే వకీలు:
విప్పొద్దు. మీరు విప్పితే "వీళ్లే పాడుచేశారు" అంటారు. అవసరమైతే కమిషనే ల్యాబుకు పంపిస్తుంది.

విశాఖ హార్బర్ రిపేరు:
అయితే విప్పను. తెర అంచు, పిన్నులు, బోటులో ఫ్యూజు, బ్యాటరీ కనెక్షన్, అన్నీ బయటి నుంచే ఫొటోలు తీసి పంపు. పిన్నుల మీద చిలుము లేకుండా తెర అంచు దగ్గర మాత్రమే తడి మరక ఉంటే, ఆ విషయం నేను చూసినంత మేరకు రాసిస్తాను. వైరింగ్ తప్పు కనబడితే అదీ రాస్తాను.