1/24 ఎఫ్40కి టూకె క్లియర్ కావాలా, మామూలు లాకర్ చాలదా?

చిన్నస్టీరింగ్:
అందరికీ నమస్కారం. టమియా వాళ్ళ ప్లాస్టిక్ మోడల్ కిట్, 1/24 (అసలు కారులో 24వ వంతు) ఫెరారీ ఎఫ్40 కడుతున్నాను. ఇది నా మూడో కారు మాత్రమే, కాబట్టి తెలియక అడిగితే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి. బాడీకి పింక్ ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కొట్టి, దాని మీద టీఎస్-8 ఇటాలియన్ రెడ్ స్ప్రే మూడు పల్చటి పూతలు, చివర ఒకటి కాస్త తడిగా వేశాను. ఎరుపు బాగానే పడింది. క్లియర్, అదే పైన వేసే రంగులేని మెరుపు పూత, దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

వీడియోల్లో సగం మంది టూకె క్లియర్ కొడుతున్నారు. అదే, అసలు కార్లకి వాడే, హార్డెనర్ కలిపే రకం. ఇంకా ఆరకముందే గాజులా మెరిసిపోతోంది. మిగతా సగం మంది మామూలు లాకర్ క్లియర్ కొట్టి, వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దుతూ వారాల తరబడి కూర్చుంటున్నారు. నేనుండేది మియాపూర్‌లో ఫ్లాట్, స్ప్రే చేసేది బట్టలారేసే బాల్కనీలో. పోయిన కారుకి లాకర్ క్లియర్ ఒకేసారి దట్టంగా కొట్టేసరికి తలుపు మీది డెకాల్ (అంటించే పల్చటి స్టిక్కర్) పాల మీద మీగడలా ముడత పడింది. ఇప్పటికీ ఆ కారుని అలమరలో ఆ తలుపు గోడవైపు ఉండేలా పెట్టుకున్నాను.

ఈసారి టూకెకి వెళ్ళిపోనా?

అద్దంమెరుపు:
వెళ్ళిపోండి. నేను ఆరేళ్ళుగా వేరేది ముట్టలేదు.

లాకర్ ఆరడమంటే అందులోని థిన్నర్ ఎగిరిపోవడమే. మళ్ళీ థిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. మీ డెకాల్ ముడత పడింది అందుకే. పైకి ఆరినట్టున్నా లోపల వారాలపాటు కుంగుతూనే ఉంటుంది. ఈరోజు నున్నగా రుద్దిన చోట నెల తిరిగేసరికి డెకాల్ అంచు మళ్ళీ గీతలా తేలుతుంది. టూకె అలా కాదు, హార్డెనర్ కలిశాక రసాయన చర్యతో గట్టిపడుతుంది, ఇక వెనక్కి కరగదు. పల్చగా ఒకటి, తడిగా ఒకటి, అంతే. డెకాల్ అంచులు అందులో మునిగిపోతాయి. చాలాసార్లు నాకు పాలిష్ అవసరమే రాలేదు.

నేను డాలస్‌లో ఉంటాను. గ్యారేజీలో గాలిని బయటికి లాగే బూత్ ఉంది, మంచి మాస్క్ ఉంది. మీరూ ఒక మాస్క్ కొనుక్కుంటే సరిపోతుంది. ఫెరారీ అన్నాక మెరవాలి కదండీ.

ఆటోనగర్_గన్:
తమ్ముడూ, కాస్త ఆగు. విజయవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్ళుగా కార్లకి రంగు కొట్టే స్ప్రే గన్ పట్టినవాణ్ణి. టూకె మీద నాకు పగేమీ లేదు, నేను తినే అన్నం అదే. కానీ ఫ్లాట్ బాల్కనీలో కొట్టమని మాత్రం చచ్చినా చెప్పను.

ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. థిన్నర్ అయితే వాసనొస్తుంది, తల తిరుగుతుంది, మనమే బయటికొచ్చేస్తాం. ఇది అలా చెప్పి రాదు. హాని చేసేంత గాల్లో ఉన్నా ముక్కుకి తెలియదు. కొందరికి అది ఒంటికి పడకుండా పోతుంది. ఒకసారి అలా అయిందంటే, తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసంలా ఊపిరాడదు. ఎవరికి వస్తుందో, ఎన్నోసారి వస్తుందో ముందే చెప్పలేం. నాతో పనిచేసినవాడొకడు ఉండేవాడు, చెయ్యి తిరిగిన పెయింటర్. ముక్కుకి తువ్వాలు కట్టుకుని కొట్టేవాడు. ఇప్పుడు షెడ్డు గేటు దాటి లోపలికి రాలేడు. సీటు కవర్లు కుట్టే షాపు పెట్టుకున్నాడు. టీ తాగాలంటే మేమే రోడ్డు మీదికెళ్ళి కలుస్తాం.

డాలస్ అన్నగారూ, మీది ఫిల్టర్ డబ్బాల మాస్కా, పైపుతో గాలి వచ్చే మాస్కా? పద్ధతిగా నడిచే షాపుల్లో టూకె కొట్టేవాడికి శుభ్రమైన గాలి పైపులోంచి మాస్క్‌లోకి వస్తుంది. ఫిల్టర్ అయిపోయిందని వాసన బట్టి తెలుసుకుందామంటే దీనికి వాసనే తెలియదాయె. గన్ దించాక కూడా ఆ తుంపర కాసేపు గాల్లోనే ఉంటుంది. పక్క బాల్కనీలో పిల్లలుంటే వాళ్ళకి మాస్క్ ఎవరిస్తారు?

పూర్తిగా గట్టిపడ్డాక ఏమీ కాదు, కారుని నిక్షేపంగా హాల్లో పెట్టుకోవచ్చు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

అద్దంమెరుపు:
ఫిల్టర్లదే. ప్రతి రెండు కార్లకీ మారుస్తాను. మీరు చెప్పింది కాదనను. అయినా ఇది 18 సెంటీమీటర్ల కారు అన్నా. నేను కొట్టేది రెండు చెంచాల క్లియర్, మీలా రోజుకి నాలుగు బానెట్లు కాదు.

ఆటోనగర్_గన్:
పడనివాడికి రెండు చెంచాలే ఎక్కువ.

సన్నగీత:
ఆరోగ్యం సంగతి ఆటోనగర్ అన్న చెప్పేశారు. నేను ఇంకో గొడవ తెస్తున్నాను. టూకె కొబ్బరినీళ్ళంత మంచిదైనా సరే, ఎఫ్40కి మాత్రం వద్దంటాను.

లెక్క వేసుకోండి. అసలు కారు మీద ప్రైమర్ నుంచి క్లియర్ దాకా అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). దాన్ని 24తో భాగిస్తే 4 నుంచి 6. మనం మోడల్ మీద ఒక్క తడి క్లియర్ పూత 25 మైక్రాన్లే వేశామనుకుందాం, అసలు కారు కొలతలో అది 0.6 మిల్లీమీటర్లు. రెండు పూతలంటే కారుకి రగ్గు కప్పినట్టే. తలుపు చుట్టూ సందు అసలు కారులో 4 మిల్లీమీటర్లుంటే మన దాంట్లో 0.17 మిల్లీమీటర్లు. అటు గోడ మీద 50 మైక్రాన్లు, ఇటు గోడ మీద 50 పడితే మిగిలేది 0.07. ఇక తలుపు తెరుచుకునేలా ఏం కనిపిస్తుంది? చక్కెర పాకంలో ముంచిన జిలేబీలా కనిపిస్తుంది.

అందులోనూ ఇది ఎఫ్40. 1987లో వచ్చింది, ఎంజో ఫెరారీ బతికుండగా ఆ కంపెనీ నుంచి వచ్చిన చివరి కొత్త కారు. లోపల కార్పెట్ లేదు, పాటల పెట్టె లేదు, తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఒక తాడు. బాడీ కార్బన్, కెవ్లార్ నేతలతో చేసింది. బరువు తగ్గించాలని రంగు ఎంత పల్చగా కొట్టారంటే, దగ్గరికెళ్ళి చూస్తే ఎరుపు కింద ఆ నేత కనిపిస్తుంది. అలాంటి కారు మీద మనం తేనె పోసినట్టు క్లియర్ పోస్తామా?

అద్దంమెరుపు:
ఈ మైక్రాన్ల లెక్క విన్నప్పుడల్లా నాకు ఒకటే సందేహం. మీరు మోడల్‌ని ఎంత దూరం నుంచి చూస్తారు? చేతిలో పట్టుకుంటే 30 సెంటీమీటర్లు. దాన్ని 24తో హెచ్చించండి. అసలు ఎఫ్40ని 7.2 మీటర్ల దూరంలో నిలబడి చూస్తున్నట్టు. అంత దూరం నుంచి మీ కార్బన్ నేత ఎవరికీ కనపడదు. కనపడేది ఏమిటి? ఆకాశం, చెట్టు, ఎదురు మేడ ఆ బానెట్ మీద వంకర లేకుండా ప్రతిఫలించడం. మోడల్ మీద ట్యూబ్‌లైట్ నీడ వంకరటింకరగా పడిందంటే అది బొమ్మ కారే. సందులు మూసుకుపోతాయన్నారు, రంగు కొట్టకముందే ప్యానెల్ గీతల్ని గీతల కత్తితో లోతు చేసుకుంటే ఆ బాధ ఉండదు. నేను ప్రతి కారుకీ చేస్తాను, ఒక సాయంత్రం పని.

సన్నగీత:
7.2 మీటర్ల మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. అది నాకు తట్టలేదు. కానీ మీ లెక్కతోనే చూస్తే మీకు కావలసింది నున్నదనం, మందం కాదు. నారింజ తొక్కలాంటి గరుకు మోడల్ మీద 24 రెట్లు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని రుద్ది తీసెయ్యాలి. మీరు దాన్ని రుద్దకుండా పైన ఇంకో పొర పోసి కప్పుతున్నారు.

గీతలు లోతు చెయ్యడం మంచి అలవాటే. మూడో కారు కట్టేవాడికి ఆ కత్తి జారిందంటే మాత్రం బానెట్‌కి అడ్డంగా గీత, మళ్ళీ పుట్టీ.

ఎర్రప్లాస్టిక్:
నాకొచ్చిన ఎఫ్40లో ప్లాస్టిక్కే ఎర్రగా ఉంది. రంగూ కొట్టలేదు, క్లియరూ కొట్టలేదు. అచ్చు గీతలు గీకేసి కాంపౌండ్‌తో (పాలిష్ పట్టే పేస్టు) రుద్దాను. ఖర్చు సున్నా, దగ్గు సున్నా. దీపం ముందు పెడితే బాడీలోంచి వెలుతురు కాస్త కనపడుతుంది, అదొక్కటే లోపం. ఇక మీరు కొట్టుకోండి.

గోదారిగాలి:
ఎర్రప్లాస్టిక్ గారి పద్ధతికి నా ఓటు లేదు గానీ ధైర్యానికి దండం.

టూకె చెడ్డది, లాకర్ మంచిది అన్నట్టు మాట సాగుతోంది. లాకర్ స్ప్రే కూడా మంట అంటుకునేదే. క్యాన్‌లో ఉన్న గ్యాసు, థిన్నరు రెండూ భగ్గుమంటాయి. మా ఇంట్లో వంటగది కిటికీ బాల్కనీలోకే తెరుచుకుంటుంది. ఒకరోజు నేను క్యాన్ పట్టుకుని కొడుతున్నా, లోపల అత్తయ్య పాలు పెట్టారు. పాల వాసన వచ్చేదాకా నాకు స్టవ్ గుర్తు రాలేదు. ఏమీ కాలేదు, కానీ ఆ రోజు నుంచి స్టవ్, పూజ గదిలో దీపం రెండూ చూసుకున్నాకే క్యాన్ ఊపుతాను. మాస్క్ కూడా లాకర్‌కీ కావాలి, గుడ్డ మాస్క్ కాదు, ఆవిర్లు ఆపే ఫిల్టర్ ఉన్నది.

చిన్నస్టీరింగ్ తమ్ముడూ, నీ డెకాల్ ముడత పడింది లాకర్ వల్ల కాదు, తొందర వల్ల. మొదటి రెండు పూతలు దుమ్ములా పడాలి, దూరం నుంచి, తడి కనపడనంత పల్చగా. ఒక్కోదానికి అరగంట ఆగు. ఆ పొర డెకాల్‌ని కాపాడుతుంది, తర్వాత కాస్త తడిగా వేసుకోవచ్చు. ముసురు పట్టిన రోజు కొట్టకు, గాల్లో తేమకి క్లియర్ పాలలా తెల్లబారుతుంది. మే నెల మిట్ట మధ్యాహ్నమూ వద్దు, రంగు బాడీ మీద పడేలోపే సగం ఆరి ఇసుకలా కూర్చుంటుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలు నాకు అచ్చొచ్చిన సమయం. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద కొట్టి చూసుకో, వాటి వంపు ఫెండర్ వంపులాగే ఉంటుంది.

ఆటోనగర్_గన్:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో మాట. అసలు క్లియర్ ఎందుకని ఎవరూ అడగలేదే? పాత అంబాసిడర్లకి క్లియర్ ఎక్కడుంది? డ్యూకో (పాతకాలపు లాకర్ రంగు) కొట్టి, వాటర్ పేపర్ పట్టి, కాంపౌండ్‌తో రుద్దితే మొహం చూసుకునేవాళ్ళు. ఈ తమ్ముడి ఎరుపు మెటాలిక్ కాదు, సాదా రంగు, పైగా గ్లాసే. ఎఫ్40కి డెకాల్స్ కూడా పెద్దగా ఉండవు. రంగునే రుద్దుకోవచ్చు. గుడ్డకి ఎరుపు అంటుతుంది, కంగారు పడక్కర్లేదు. మెటాలిక్ అయితే మాత్రం ఇలా చెయ్యకూడదు, పైపొర రుద్దితే మచ్చలు పడతాయి.

అద్దంమెరుపు:
రంగునే రుద్దితే అంచుల్లో ప్రైమర్ బయటపడుతుందన్నా. క్లియర్ ఉండేది అందుకే, తప్పు చెయ్యడానికి కాస్త చోటిస్తుంది.

చిన్నస్టీరింగ్:
మూడు వారాలైంది, సమాచారం ఇస్తున్నాను. టూకె కొనలేదు. ఆటోనగర్ అన్న పోస్ట్ మా ఆవిడ కూడా చదివింది, ఇక కొనే ప్రసక్తి లేదు. అక్క చెప్పినట్టు లాకర్ క్లియర్ రెండు దుమ్ము పూతలు, తర్వాత రెండు ఓ మోస్తరు తడివి. బ్యాడ్జీల డెకాల్స్ చెక్కుచెదరలేదు. పది రోజులు అట్టపెట్టెలో మూసిపెట్టాను, రోజూ తెరిచి వాసన చూసి మూసేసేవాణ్ణి. థిన్నర్ వాసన పోయాక 2000 నంబరు వాటర్ పేపర్‌తో, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసిన నీళ్ళలో రుద్దాను. తర్వాత 3000, ఆ తర్వాత ముతక, సన్నం, ఆఖరి కాంపౌండ్లు. పైకప్పు మీద ట్యూబ్‌లైట్ గీత గీసినట్టు తిన్నగా కనిపిస్తోంది. చూస్తే నాకే ముచ్చటేసింది.

అక్కడితో ఆగాల్సింది. కుడి వెనక చక్రం పైన వంపు దగ్గర ఇంకొంచెం, ఇంకొంచెం అని రుద్దాను. క్లియర్ పోయింది, ఎరుపు పోయింది, బియ్యపు గింజంత పింక్ ప్రైమర్ బయటపడింది. తలుపుల వెనక గాలి దూరే గుంటల్లో కాంపౌండ్ తెల్లగా ఇరుక్కుపోయింది కూడా.

అద్దంమెరుపు:
నేనేమీ అనడం లేదు.

ఆటోనగర్_గన్:
అన్నంత పనీ చేశారు.

తమ్ముడూ, మళ్ళీ మొత్తం కొట్టకు. క్యాన్‌లోంచి అదే ఎరుపు ఒక మూతలోకి కొట్టు, బుడగలు పోయి గ్యాసు బయటికెళ్ళేదాకా వదిలెయ్. టూత్‌పిక్ మొనతో ఆ గింజంత చోట మాత్రమే చుక్క పెట్టు, గీయకు. ఆరితే కుంగుతుంది, మర్నాడు ఇంకో చుక్క. వారం తర్వాత 3000తో వేలికొసన రెండే రెండు రుద్దులు. మిగతా అంచులకి ముందే సన్నటి మాస్కింగ్ టేప్ అంటించి పాలిష్ పట్టు. గుంటల్లో తెలుపు పాత టూత్‌బ్రష్‌తో వస్తుంది, తడిపి తోము.

సన్నగీత:
తలుపు సందు కనిపిస్తోందా? అది చెప్పండి ముందు.

చిన్నస్టీరింగ్:
కనిపిస్తోంది. గోరు పెడితే ఆగుతోంది. ఎరుపు చుక్క ఈ రాత్రికి పెడతాను. ఫోటో ఆ మూల ఆరాకే, ఈలోగా ఎడమవైపు నుంచి ఒకటి తీసి పెడతాను.