క్రిస్మస్‌కి చిన్నపిల్లలతో ఇంట్లో ఏమేం చేయిస్తున్నారు?

మాకు ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు. ఉండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో. గుంటూరు దగ్గర మా ఊళ్లో అయితే డిసెంబర్ రాగానే ఇంటి మీద స్టార్ కట్టడం, రాత్రిళ్లు క్యారల్స్ వాళ్లు పాడుకుంటూ ఇంటింటికీ రావడం, అమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు కలిసి అరిసెలు వండటం, ఇవన్నీ వాటంతటవే జరిగిపోయేవి. ఇక్కడ మేమే మొదలుపెట్టాలి, లేకపోతే పిల్లలకి క్రిస్మస్ అంటే మాల్‌లో చెట్టు, శాంటా తాత, అంతే అయిపోతుందని నా బాధ.

పోయినేడు వెదురు పుల్లలతో స్టార్ చేశాం. రంగు కాగితం అంటించడం పాపకి తెగ నచ్చింది, బాబు మాత్రం జిగురంతా చేతులకి పూసుకుని కూర్చున్నాడు. ఈసారి యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలతో చేద్దామనుకుంటున్నా, మట్టి బొమ్మలైతే వీడు పగలగొడతాడు, బదులుగా ఏం వాడొచ్చు? కజ్జికాయలు చేసేటప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు ఉన్నారా, పొయ్యి దగ్గరికి రాకుండా ఎలా చూశారు?

ఇంకోటి, 25న తెల్లవారుజామున మెదక్ చర్చిలో ఆరాధనకి తీసుకెళ్లాలని ఉంది. 1924లో క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠించిన చర్చి కదా, వీళ్లకి చూపించాలని ఎంతో ఆశ. ఆ చలిలో, ఆ జనంలో ఇంత చిన్నపిల్లలతో వెళ్లొచ్చా, లేక పండగ అయ్యాక వెళ్లడం మేలా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.