మిగ్-21 తిరుపతికి వస్తే నిలబెట్టాలా, నడిపించాలా?

రేణిగుంట రన్‌వే (చర్చ మొదలుపెట్టినవారు)
2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన మిగ్-21కి వీడ్కోలు చెప్పింది. 1963లో చేరిన యుద్ధ విమానం, అరవై రెండేళ్ళు పనిచేసింది. బయటికొచ్చేవాటిలో ఒకటి తిరుపతికి అడుగుదామని ఇక్కడ కొంతమందిమి అనుకుంటా ఉన్నాం. అర్జీ రాసేముందు ఒక మాట తేల్చుకోవాల. తెచ్చి కూడలిలో సిమెంటు దిమ్మె మీద ఎక్కిస్తే పదేళ్ళకు అది రంగు పోయిన రేకు. ఇంజిన్ తిరిగే స్థితిలో ఉండాల, నెలకోసారి జనం ముందర స్టార్ట్ చేయాల అని నేనంటాను. ఇంగ్లండ్‌లో ఓల్డ్ వార్డెన్ అనే చోట 1909 నాటి బ్లేరియో విమానం గాలి లేని పూట ఇప్పటికీ నేల విడిచి లేస్తాది. అమెరికాలో మిగ్-21లే ప్రైవేటు మనుషుల చేతుల్లో ఎగిరినాయి. మనకు ఎగరేసే స్తోమత లేకపోవచ్చు, నడిపించే స్తోమత ఉండాది.

స్వర్ణముఖి
స్థలం యాడో చెప్పకుండా ఇంజిన్ దాకా పోయినారే అన్నా.

రివెట్
నెలకోసారి స్టార్ట్ చేస్తే విమానం బతుకుతుందన్నది అపోహ. పాత ఇంజిన్లను ఎక్కువగా పాడుచేసేది ఈ అలవాటే. ఐదు నిమిషాలు తిప్పి ఆపితే ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. ఇంధనం మండినప్పుడు పుట్టిన తేమ ఆయిల్లో కలిసి అక్కడే ఉండిపోతుంది, ఆమ్లమై క్యామ్‌లనీ సిలిండర్ గోడలనీ తింటుంది. ఆ నీరు పోవాలంటే ఆయిల్ 80 డిగ్రీలు దాటి చాలాసేపు ఉండాలి. గంటసేపు గాల్లో తిరిగితేనే అది జరుగుతుంది.

ఎగరని ఇంజిన్‌కి చేయాల్సిన పని వేరు. తుప్పును ఆపే ఆయిల్ పోసి చివరిసారి తిప్పాలి. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్లోనూ అదే ఆయిల్ పిచికారీ చేయాలి. ప్లగ్గుల చోట సిలికా జెల్ నింపిన బిరడాలు బిగించి, ఎగ్జాస్ట్ మూసేయాలి. జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చాలి. ఇదంతా అయ్యాక ప్రొపెల్లర్‌ని చేత్తో కూడా తిప్పకూడదు, సిలిండర్ గోడలకు పట్టిన ఆయిల్ పొర చెరిగిపోతుంది.

రేణిగుంట రన్‌వే
సార్, మీరు చెప్పిందంతా పిస్టన్ ఇంజిన్ సంగతి. మిగ్-21లో బిస్ అనే రకానికి ఉండేది ఆర్-25 జెట్ ఇంజిన్, కోరాపుట్‌లో ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసింది. జెట్‌లో మంట ఒక చోట, బేరింగుల ఆయిల్ ఇంకో చోట. మంటలోని నీళ్ళు ఆయిల్లోకి యాడ నుంచి వస్తాయి?

నిలబెట్టేస్తే ఏమవుతాదో నేను చెప్తా. ఫ్యూయల్ పంపులో రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి. హైడ్రాలిక్ జాక్‌ల సీళ్ళు ఒకే చోట అతుక్కుపోతాయి, కదిలించిన రోజు కారతాయి. బేరింగులకు పట్టిన ఆయిల్ కిందికి జారి, పైభాగం ఉత్త లోహం మిగుల్తాది. పరశురామ అనే పాత డకోటా రవాణా విమానం సంగతి చూడండి. పాడుబడిన దాన్ని ఒక పార్లమెంటు సభ్యుడు సొంత ఖర్చుతో ఇంగ్లండ్‌లో బాగుచేయించి వాయుసేనకు బహుమతిగా ఇచ్చినారు. 2018లో అది అక్కడి నుంచి ఇండియాకు ఎగురుకుంటా వచ్చింది. కదిలిస్తేనే కదా వచ్చింది?

చంద్రగిరి కోట
ఇద్దరూ ఆయిల్ దగ్గరే ఆగిపోయినారు. నాకు సీటు గురించి చెప్పండి. మిగ్-21 బిస్‌లో ఉండేది కేఎం-1 రకం ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేది, దాన్ని పైకి తన్నేది మందుగుండు కార్ట్రిడ్జ్. వాటికి గడువుంటాది. గడువు దాటితే పేలకపోవచ్చు, పేలకూడని టైంలో పేలనూవచ్చు. సీటు సరిగ్గా పేలినా చాలదు. 2011 నవంబరులో బ్రిటన్‌లో వాయుసేన విన్యాసాల జట్టు రెడ్ యారోస్ విమానం నేల మీద ఉండగానే సీటు ఎగిరింది, ఒక బోల్టు అతిగా బిగించినందుకు పారాచూట్ తెరుచుకోలేదు, పైలట్ చనిపోయినాడు. అది సైన్యం వాళ్ళు రోజూ చూసుకునే విమానం.

2015 ఆగస్టు 22న బ్రిటన్‌లోనే షోరమ్ ఎయిర్‌షోలో పౌరుల చేతుల్లో ఉన్న హంటర్ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది పోయినారు. వాళ్ళు ప్రదర్శన ఆవరణ బయట ఉన్నోళ్ళు. ఆ విమానం సీట్లలోని కార్ట్రిడ్జ్‌లకు కూడా గడువు దాటిందని దర్యాప్తులో బయటపడింది. 2019 అక్టోబరులో అమెరికాలో బి-17 అనే పాత బాంబర్ కూలి ఏడుగురు పోయినారు, అక్కడ నిర్వహణ లోపాలూ బయటికొచ్చినాయి. నెలకోసారి ఇంజిన్ స్టార్ట్ చేసేది ఎవరు, ఆ రోజు కాక్‌పిట్‌లో కూర్చునేది ఎవరు?

మదనపల్లె
నిలబెట్టినా సరే, మా పిల్లోళ్ళు ముట్టుకుని చూడాల. కంచె అవతల నుంచి చూసేదానికి అయితే ఫోటో చాలు.

రివెట్
రేణిగుంట గారూ, జెట్ ఆయిల్ విషయంలో మీ మాటే సరి. తేమ వాదన పిస్టన్‌కే వర్తిస్తుంది, ఒప్పుకుంటున్నాను. కానీ జెట్‌కి వేరే లెక్క ఉంది. ప్రతి స్టార్ట్‌లోనూ టర్బైన్ బ్లేడ్లు చల్లటి స్థితి నుంచి వందల డిగ్రీలకు ఎగబాకి మళ్ళీ చల్లారుతాయి. ఇంజిన్ ఆయుష్షును గంటల్లోనే కాదు, ఈ స్టార్ట్‌ల సంఖ్యలోనూ కొలుస్తారు. పైగా ముక్కులోంచి గాలి పీల్చే విమానం ఇది, ముందు నిలబడితే మనిషి టోపీ దగ్గర్నుంచి గులకరాయి దాకా లోపలికే.

2012లో బ్రిటన్‌లో వల్కన్ ఎక్స్‌హెచ్ 558 అనే పాత బాంబర్‌లో ఏమైంది? గాలిదారిలో పెట్టిన సిలికా జెల్ సంచులు తీయడం మరిచి స్టార్ట్ చేశారు. ఒక ఇంజిన్ సంచులు మింగింది, దాని ముక్కలు పక్క ఇంజిన్‌లోకి పోయి రెండూ పాడయ్యాయి.

రేణిగుంట రన్‌వే
అది మనిషి మరుపు సార్. ఎరుపు రిబ్బన్లు కట్టి, తీసినవి లెక్కపెట్టి, సంతకం చేసే పద్ధతి ఉంటే జరగదు.

పలమనేరు
బెంగళూరు వైపు నుంచి తెస్తే మా దారినే రావాల. రెక్కలు విప్పాల, తోక భాగం వెనక్కి లాగి విడగొట్టాల. ఇంజిన్ మార్చేదానికి ఆ విమానాన్ని అట్లనే కట్టినారు, కాబట్టి విప్పడం కష్టం కాదు. రెక్కలుంటే వెడల్పు 7.15 మీటర్లు, విప్పితే లో-బెడ్ ట్రైలర్ సరిపోతాది. ఉత్త బరువు ఐదున్నర టన్నుల పైచిలుకు, నిడివి దాదాపు 15 మీటర్లు. మొగిలి ఘాట్ మలుపుల్లో నిడివితోనే ఇబ్బంది, తోక విడగొడితే అదీ తగ్గుతాది. గొలుసులు వేసి కట్టొద్దు, వెడల్పాటి నైలాన్ పట్టీలు, కింద మెత్తలు. విప్పిన ప్రతి బోల్టుకీ చీటీ కట్టి సంచిలో వేయాల. లేకపోతే అంగుళాల కొలత (ఇంపీరియల్) బోల్టుల డబ్బా ఎదురుగా ఉందని వాటినే బిగించేస్తారు, ఇది మిల్లీమీటర్ల కొలత (మెట్రిక్) విమానం.

రేణిగుంట రన్‌వే
అందరూ వద్దనేదానికి కారణాలు వెతికేవాళ్ళే. ఈ జిల్లాలో ఒక విద్యాసంస్థ ముందర నిలబెట్టిన హెలికాప్టర్ ఏమైందో ఎవరైనా చూసినారా? అద్దాలు తెల్లగా మసకబారినాయి, తోకలో తేనెతుట్టె, కోతులు తలుపు రబ్బర్లు పీకేసినాయి, కింద నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయి ఈశాన్య రుతుపవనాల వాన అంతా పొట్టలోనే నిలిచింది. దాన్ని భద్రపరచడం అంటారా? రివెట్ గారూ, మీ లెక్కలో అది భద్రంగా ఉన్నట్టే, ఎందుకంటే ఎవరూ స్టార్ట్ చేయలేదు! మీకు చచ్చిన విమానమే ఇష్టం.

అలిపిరి మెట్టు
గొంతులు తగ్గించండి అన్నా. అరక్కోణం మనకు రైల్లో రెండు గంటల దూరం. అక్కడి నౌకాదళ స్థావరం రాజాలి నుంచి 2017 ఏప్రిల్లో టీయూ-142 అనే నౌకాదళ విమానం విశాఖకు ఎగిరిపోయింది, డిసెంబరుకల్లా బీచ్ రోడ్డులో మ్యూజియం అయింది. దాని వెనక టికెట్టు ఉంది, జీతం తీసుకునే మనుషులున్నారు. మన దాని వెనక ఎవరుండారు? పదేళ్ళ తర్వాత రంగు వేసేదెవరో అర్జీలో రాయగలమా?

రివెట్
చచ్చిన విమానం అన్నారు కాబట్టి సూటిగా చెబుతాను. నాకు కావాల్సింది ఆ విమానమే, దాని పోలిక కాదు. రెక్క లోపల నాసిక్‌లో కొట్టిన ముద్రలున్నాయి, పలకల వెనక ఫిట్టర్ పెన్సిల్‌తో రాసిన అంకెలున్నాయి, మరమ్మతు చేసిన చోట వేరే వరసలో కొట్టిన రివెట్లున్నాయి. నడిపించే స్థితి అనగానే సీళ్ళు మారుస్తారు, గొట్టాలు మారుస్తారు, వైర్లు మారుస్తారు. గట్టి అల్యూమినియం పలక అట్టలా పొరలు విడితే ఆ పలకే కోసి కొత్తది వేస్తారు. ఎగరేయాలంటే ఇంకా పోతుంది. ఇరవై ఏళ్ళకు నంబరు మాత్రమే పాతది.

ఇంకొకటి. వల్కన్ 2015 అక్టోబరులో చివరిసారి ఎగిరింది. విమానం చెడిపోయి కాదు. సాంకేతిక బాధ్యత మోసే మూడు కంపెనీలు తప్పుకున్నాయి. ఆర్-25కి మన దగ్గర ఆ బాధ్యత ఎవరు రాసిస్తారు?

రేణిగుంట రన్‌వే
మాట జారినాను, చచ్చిన విమానం అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీరు చెప్పిన ఆ వల్కన్ ఉదాహరణే నా వాదన సార్. కంపెనీలు ఎందుకు తప్పుకున్నాయి? ఆ పని తెలిసిన మనుషులు తగ్గిపోయినారు. నేను పోతాదని భయపడేది రేకు గురించి కాదు. ఆర్-25ని విప్పి బిగించినోళ్ళు రిటైర్ అవుతా ఉన్నారు. ఏ నట్టు ఎంత బిగించాల, తోక లాగేటప్పుడు ఏ పైపు ముందు విప్పాల, చక్రాల బ్రేకులకు గాలి ఎంత నింపాల, ఇదంతా పుస్తకంలో సగమే ఉంటాది. మిగతా సగం చేతుల్లో ఉండాది. పెన్సిల్ అంకె మీరు కాపాడతారు, ఆ అంకె ఎందుకు రాసినారో చెప్పే మనిషిని ఎవరు కాపాడతారు? స్టార్ట్ చేయాలి అని నేను మొండికేసింది అందుకే. స్టార్ట్ చేయాల్సి వస్తేనే ఆ మనుషుల్ని పిలుస్తారు.

చంద్రగిరి కోట
ఈ మాట మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత గొడవ లేదు. పిలవడానికి స్టార్ట్ చేయనక్కర్లేదు. విప్పి బిగించమనండి.

రివెట్
అవును, అది చేయొచ్చు. ఇంజిన్‌ని వాయుసేన అప్పగించే ముందే ఆయిల్‌తో భద్రపరచి ఇవ్వమని అడుగుదాం. తోక భాగం పట్టాల మీద వెనక్కి జరిగేలా స్టాండు కడితే, ఏడాదికోసారి ఆ పని తెలిసినవాళ్ళ చేత తోక లాగించి, జనానికి ఇంజిన్ చూపించి, మళ్ళీ మూయించొచ్చు. ప్రతి అడుగూ వీడియో తీయాలి, వాళ్ళ గొంతుతోనే.

అర్జీలో తప్పనిసరిగా ఉండాల్సినవి: సీటు, కనోపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత), డ్రాప్ ట్యాంకుల (గాల్లో వదిలేసే అదనపు ఇంధన ట్యాంకుల) కార్ట్రిడ్జ్‌లన్నీ తీసేసినట్టు సంతకంతో పత్రం, ఆక్సిజన్, గాలి సీసాలు ఖాళీ చేసినట్టు పత్రం, లాగ్‌బుక్కులు. చీకట్లో మెరిసే రంగు పూసిన డయళ్ళుంటే వాటి రేడియం నుంచి వచ్చే రేడియేషన్ కొలత. ముందు భాగంలోంచి రాడార్, తుపాకీ, సీటు తీసేస్తే బరువు వెనక్కి జరుగుతుంది, కాబట్టి తోక కింద ఆధారం కావాలి. బరువు టైర్ల మీద వదలొద్దు, జాక్ పాయింట్ల కింద స్టాండ్లు. స్టాండు ఇనుము నేరుగా అల్యూమినియాన్ని తాకితే తడిలో తుప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, మధ్యలో మందపాటి నియోప్రీన్ రబ్బరు పలక. ముక్కుకీ తోకకీ సన్న జాలీ, పావురాలకూ తేనెటీగలకూ. అన్నిటికన్నా ముందు పైకప్పు. కప్పు లేకుండా విమానం తేవడానికి నేను సంతకం పెట్టను.

రేణిగుంట రన్‌వే
కప్పుకి నేనూ సరే. ఆ వీడియోల మాట అర్జీలో మొదటి పేజీలో ఉండాల, చివర్లో కాదు.

అలిపిరి మెట్టు
పదేళ్ళ రంగు, జాలీ, కాపలా ఖర్చు ఎవరిదో తేలేదాకా నేను సంతకం పెట్టను. ఆ కాగితం ఇంకా ఎవరూ రాయలేదు.

పలమనేరు
షెడ్డు 20 మీటర్లు పొడవు, 12 వెడల్పు, తోక ఎత్తు 4 మీటర్ల పైన కాబట్టి తలుపు 5. తోక వెనక్కి లాగేదానికి ఇంకో 5 మీటర్లు కలపండి, అంటే పొడవు 25. స్థలం చూసేటప్పుడు ట్రైలర్ తిరిగే చోటు కూడా చూడండి.