కాఫీని కఫావాళ్లు ఏమంటారు?

ప్రశ్న: గురువుగారూ, మొసాంబిక్ పేరు మీద మోసంబి వచ్చినట్టే, ఇథియోపియాలోని కఫా ప్రాంతం పేరు మీద 'కాఫీ' అనే మాట వచ్చిందట. కాఫీ చెట్టు పుట్టిల్లు కూడా అదేనంటున్నారు. ఇక అనుమానం లేనట్టేనా? పొద్దున్నే ఆఫీసు గ్రూపులో పెట్టేశాను కూడా.

జవాబు: కాస్త తొందరపడ్డారండీ. చెట్టు సంగతి వేరు, మాట సంగతి వేరు. అరాబికా రకం కాఫీ ఇప్పటికీ అడవిచెట్టుగా పెరిగే చోట్లలో కఫా ఒకటి, ఇది నిజమే. అక్కడి అడవులకు 2010లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వు గుర్తింపు ఇచ్చింది. మన అరకులో పండించేదీ ఆ అరాబికాయే.

కానీ కఫావాళ్లు దాన్ని కాఫీ అనరు, 'బునో' అంటారు. పక్కనున్న ఒరొమోలు 'బునా' అంటారు, ఇథియోపియా ప్రభుత్వ భాష అమ్హారిక్‌లో 'బున్నా'. ఎర్రసముద్రం దాటితే అరబ్బీలో గింజ పేరు 'బున్'. ఇవన్నీ ఒక గూటి పక్షులని చూస్తూనే తెలిసిపోతుంది. 'కాఫీ' వచ్చిన దారి వేరు. అరబ్బీ 'ఖహ్వా', తుర్కీ 'కహ్వె', ఆ తర్వాత యూరప్ భాషలు, ఇంగ్లీషు ద్వారా మనం. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జాగారాలకు ఈ పానీయం తాగేవారు. ఖహ్వా అనే మాట మాత్రం అంతకు చాలా ముందే అరబ్బు కవుల నోట ఉంది. అప్పట్లో దానికి అర్థం ద్రాక్షసారా! కాఫీ పుట్టక ముందే పేరు ఉందంటే, ఆ పేరు కఫా నుంచి వచ్చిందని ఎలా అంటాం? కఫా వైపు వాదించేవాళ్లూ ఉన్నారు కానీ, నాకైతే ధ్వని పోలిక తప్ప వేరే ఆధారం కనబడలేదు.

ఇంకొకరి ప్రశ్న: మాస్టారూ, వాళ్ల భాష పేరు 'కఫీ నోనో' అట. నోనో అంటే నోరేనట! మన 'నోరు'తో ఏమైనా చుట్టరికం ఉందంటారా?

జవాబు: ఈ ప్రశ్న వస్తుందని ముందే భయపడ్డాను. 'కఫా నోరు' అంటే కఫా భాష అని అర్థం, అంతవరకు సరే. నాకు ఈ పేరు చాలా నచ్చింది. ఒరొమోలు తమ భాషను 'అఫాన్ ఒరొమో' అంటారు, సొమాలీలు 'అఫ్ సొమాలి' అంటారు. వాటిలోనూ 'అఫ్' అంటే నోరే. అంటే భాషను నోటి పేరుతో పిలవడం ఆ చుట్టుపక్కల వాడుక. మనకు నోటిదురుసు ఉంది, నోరు జారడం ఉంది, నోరున్నవాడిదే రాజ్యమూ ఉంది. భాషకు మాత్రం ఆ పేరు పెట్టుకోలేదు.

ఇక చుట్టరికం. తమిళంలో నోటిని 'వాయ్' అంటారు, కన్నడంలో 'బాయి'. పాత తెలుగులో మనకూ 'వాయి' ఉంది. మన 'వాకిలి'లో దాగి ఉన్నది అదేనంటారు. సొంత అక్కచెల్లెళ్ల ఇళ్లలోనే వినబడని 'నోరు'ను పట్టుకుని ఇథియోపియాలో బంధువులను వెతుక్కుంటే ఎలాగండీ? కఫా భాషకు దగ్గరివి షెకచ్చో, షినాషా లాంటివి. వాటన్నిటినీ ఓమో నది పేరు మీద ఓమోటిక్ భాషలంటారు. అరబ్బీ, అమ్హారిక్ ఉన్న ఆఫ్రో-ఆసియాటిక్ కుటుంబంలో వీటిని కలపాలా వద్దా అన్న దానిమీదే పండితులకు ఇంకా పేచీ ఉంది.

వ్యాకరణం చూస్తే మాత్రం మనవాళ్లకు కొన్ని సంగతులు ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. క్రియ వాక్యం చివర వస్తుంది. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు అర్థాన్ని మారుస్తాయి. నామవాచకం చివర 'ఓ' ఉంటే పుంలింగం, 'ఏ' ఉంటే స్త్రీలింగం: 'బుషో' అబ్బాయి, 'బుషే' అమ్మాయి. ఇబ్బందల్లా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, పలికే స్వరం ఎక్కువ తక్కువలను బట్టి అర్థం మారిపోవడం. రెండు, గొంతు బిగబట్టి టక్కున వదిలే క, త, ప లాంటి హల్లులు. మన వర్ణమాలలో వాటికి అక్షరాలు లేవు కాబట్టి తెలుగులో ఎలా రాసినా కొంత అన్యాయమే.

మూడో ప్రశ్న: ఈ భాష మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటారండీ? అంతరించిపోతున్నదా?

జవాబు: లేదండీ. 2007 జనాభా లెక్కల్లో 8 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లకు సొంత రాజ్యం ఉండేది, రాజును 'తాతో' అనేవారు (దయచేసి మన తాతతో ముడిపెట్టకండి). చివరి రాజు గాకి షెరోచోను 1897లో మెనెలిక్ చక్రవర్తి సేనలు పట్టుకున్నాయి, దాంతో కఫా ఇథియోపియాలో కలిసిపోయింది. అప్పటి నుంచి ప్రభుత్వ కచేరీల్లో అమ్హారిక్‌దే పెత్తనం. ఇప్పుడు కఫా భాషను లాటిన్ లిపిలో రాస్తున్నారు. ముఖ్యపట్టణం బొంగా.

ఒక తిరకాసు కూడా చెప్పేస్తాను. షెకచ్చోవాళ్ల భాషను పాత పుస్తకాల్లో 'మోచా' అని రాసేవారు. కాఫీ షాపు బోర్డు మీద కనబడే 'మోకా' యెమెన్‌లోని రేవు పేరు. ఇంగ్లీషు స్పెల్లింగు రెండింటికీ ఒకటే. ఆఫీసు గ్రూపులో ఈ రెండూ ఒకటేనని పెట్టక ముందే చెబుతున్నాను.